గండికోటలో లోయ ఒక్కటే కాదు, ఊరు కూడా ఉంది

సంపాదకులకు నమస్కారం.

మొన్నామధ్య మీ ఆదివారం సంచికలో గండికోట మీద రెండు పేజీలు వేశారు. మా కడప జిల్లా ఊరి పేరు అచ్చులో కనబడితే నాకూ సంతోషమే. కానీ ఊరికే ఉండలేక ఫొటోలు లెక్కపెట్టాను. మొత్తం ఏడు. ఐదు లోయవి, ఒకటి గుడారాలది, ఇంకొకటి సూర్యోదయానిది, అది కూడా లోయ మీదే. కోట వాకిలి లేదు, గుడి లేదు, మసీదు లేదు, ధాన్యాగారం లేదు. పైగా ఇంత లావు అక్షరాలతో ‘మన గ్రాండ్ కేన్యన్’ అని శీర్షిక. ఆ శీర్షిక చదివిన కోపంలో ఈ ఉత్తరం మొదలుపెట్టాను, రాస్తూ రాస్తూ కోపం తగ్గి పొడుగు పెరిగింది. ఎక్కడ కత్తిరించుకుంటారో మీ ఇష్టం.

ముందు ఆ గ్రాండ్ కేన్యన్ సంగతి తేల్చుకుందాం. అమెరికాలో ఉన్న ఆ లోయ నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పొడుగు, లోతు కిలోమీటరున్నర పైమాటే. మన పెన్న గట్టు మహా అయితే మూడు వందల అడుగులు. మా బావమరిది డాలస్‌లో ఉంటాడు, అసలుదాన్ని రెండుసార్లు చూసొచ్చాడు, వాడిని గండికోటకు తీసుకుపోయి ఈ మాట చెబితే నవ్వాడు. పక్కవాడి పేరు అరువు తెచ్చుకుంటే వచ్చే నవ్వులాట అంతే. ఎర్రమల కొండలను పెన్న కోసుకుని పోయిన చోటుకు మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టారు, గండి అని. చెరువు కట్ట తెగితే గండి పడింది అంటాం చూడండి, అదే మాట. కొండకు పడిన గండి, దాని అంచున కట్టిన కోట. ఇంతకన్నా పొట్టిగా, సూటిగా ఎవరు చెప్పగలరు? ఆ పేరులో కూడా సగమే లోయ, మిగతా సగం కోట. మనం మొదటి సగం పట్టుకుని రెండోది వదిలేశాం.

మాది ప్రొద్దుటూరు. ఉద్యోగం హైదరాబాదులో. చిన్నప్పుడు బడి నుంచి ఒకసారి గండికోటకు తీసుకుపోయారు, గుడి మంటపంలో కూర్చుని పులిహోర తిన్నాం, మిట్ట మధ్యాహ్నం బండల మీద కాళ్లు కాలాయి, గుర్తున్నది అంతే. పోయిన డిసెంబరులో పిల్లలకు చూపిద్దామని మళ్లీ పోయాను. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా మేనమామ. ఆయన రిటైరైన తెలుగు పండితుడు, మోకాళ్ల నొప్పులు, అయినా వస్తానని పట్టుబట్టాడు. జమ్మలమడుగు దాకా కార్లో బాగానే పోయాం, అక్కడ టైరు పంక్చరు, స్టెప్నీ చూస్తే దాంట్లోనూ గాలి లేదు (నేను ఎప్పుడూ చూసుకోను, ఈ మాట మా ఆవిడ ఆ రోజు మొత్తం చెబుతూనే ఉంది). కారు మెకానిక్ షెడ్డులో వదిలి ఆటో మాట్లాడుకున్నాం. అక్కడి నుంచి కోటకు పదిహేను కిలోమీటర్లు. ఆ ఆటో అబ్బాయి గురించి చివర్లో చెబుతాను.

కోటలోకి పోయే దారి తిన్నగా ఉండదు. మలుపు తిరిగి, మళ్లీ మలుపు తిరిగి లోపలికి పోవాలి. పెద్ద తలుపులు, వాటికి ఇనప రేకులు, మేకులు. ఏనుగు పరిగెత్తుకొచ్చి గుద్దడానికి వీలు లేకుండా అలా కట్టారురా అని మామ పిల్లలకు చెబుతున్నాడు, మా వెనక బైకు మీద వచ్చిన కుర్రాళ్లు హారన్ మీద హారన్. వాళ్ల తొందర వాళ్లది, బెంగళూరు నుంచి రాత్రంతా బండి నడుపుకుంటూ వచ్చారట, సూర్యోదయం తప్పిపోయింది, కనీసం ‘వ్యూ పాయింట్’ అయినా చూసి బెలుం గుహలకు పోవాలి, రాత్రికల్లా తిరిగి బెంగళూరు. ఒక్క రోజులో ఇవన్నీ. ఆ లెక్కలో గండికోటకు దక్కేది గంటన్నర. గంటన్నరలో గంట లోయ దగ్గర ఫొటోలకే పోతుంది.

లోపల ఇప్పటికీ ఊరుంది. ఇది చాలామందికి తెలియదు. ఏదో పాడుబడిన కోట అనుకుని వస్తారు, కానీ లోపల ఇళ్లున్నాయి, గొర్రెలున్నాయి, అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లున్నారు. చార్మినారుకు చిన్న తమ్ముడిలా ఒక కట్టడం ఉంటుంది, పావురాల గోపురం అంటారు, అక్కడికి దగ్గర్లో ఒక అవ్వ చిన్న బల్ల మీద మజ్జిగ, బొరుగులు పెట్టుకుని కూర్చుంది. మజ్జిగ తాగుతూ మామ ఊరికే పలకరింపుగా, “ఏమ్మా, ఈడ పాత ఇండ్ల జాగా యాడుంది?” అని అడిగాడు. ఆమె మజ్జిగ పోస్తున్న చెయ్యి ఆపి, “యా ఊరు సామీ మీది?” అంది. ప్రొద్దుటూరు అన్నాం. “అదే అనుకుంటి. వచ్చినోళ్లంతా లోయ యాడుందని అడుగుతారు. ఊరు యాడుందని మీరే అడిగినారు” అని, మనవడిని పిలిచి మాకు దారి చూపించమంది.

ఆ పిల్లవాడికి పన్నెండేళ్లుంటాయి. అందరూ పోయే దారి వదిలేసి ముళ్లకంపల మధ్య కాలిబాటలో తీసుకుపోయాడు. నిజం చెప్పాలంటే మొదటి ఐదు నిమిషాలు నాకేమీ కనబడలేదు. రాళ్లు, కంప చెట్లు, గొర్రెల పెంటికలు. మామ చేతికర్రతో ఒక చోట కొట్టి, ఇది చూడు అన్నాడు. రాళ్లు వరుసగా ఉన్నాయి. దాని పక్కన ఇంకో వరుస. మధ్యలో మూడడుగుల ఖాళీ. అది వాకిలి. కింద ఒక బండ అడ్డంగా పరిచి ఉంది, దాని ఒక మూలన గిన్నె అంత గుండ్రటి గుంత, లోపల నున్నగా అరిగి ఉంది. తలుపు తిరిగే గుంత అది. పాత ఇళ్లల్లో తలుపులకు ఇనప మడతబందులు ఉండవు కదా, తలుపు చెక్క కింది బొడిపె ఆ గుంతలో కూర్చుని తిరుగుతుంది. మా తాత ఇంట్లో గాదె గది తలుపు అలాగే ఉండేది, తీస్తే కిర్రుమనేది. మా అమ్మాయి ఆ గుంతలో వేలు పెట్టి గుండ్రంగా తిప్పింది. “ఎంతమంది ఎన్నిసార్లు తీస్తే ఇంత నున్నగా అవుతుంది నాన్నా?” అంది. నాకేం తెలుసు. కానీ ఒక్కసారి ఆ గడప కనబడ్డాక కళ్లకు అలవాటైపోయింది. అటు చూస్తే గోడ పునాది, ఇటు చూస్తే సందు, అక్కడో పగిలిన రోలు, ఇక్కడ మెట్టు. అరగంట ముందు కంపచెట్ల దిబ్బ అనుకున్నది వీధి అయిపోయింది. ఏ రాజప్రాసాదం చూసినా నాకింత గుండె ఝల్లుమనలేదు.

చరిత్ర గురించి నాకు తెలిసినంత చెబుతాను, నేను చరిత్రకారుణ్ణి కాదు, ప్రొద్దుటూరువాణ్ణి. 1123లో కాకరాజు అనే సామంతుడు ఇక్కడ మొదట మట్టికోట కట్టించాడని స్థానికంగా చెప్పుకుంటారు. గట్టిగా రాతికోటగా ఎదిగి, ఊరుగా నిండింది మాత్రం విజయనగరం కాలంలో, పెమ్మసాని నాయకుల చేతిలో. 1520లో రాయచూరు యుద్ధానికి కృష్ణదేవరాయల వెంట పోయినవాళ్లలో పెమ్మసాని రామలింగనాయుడి పేరు మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ మీసం దువ్వుకుని చెబుతారు. 1565లో హంపి పడిపోయింది. అక్కడ రాజధాని కూలినా ఇక్కడ గండికోట ఇంకా దాదాపు తొంభై ఏళ్లు నిలబడింది, ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్క కూడా చెప్పవు, తళ్ళికోట యుద్ధంతో పుస్తకం మూసేస్తారు.

తర్వాత గోల్కొండ సైన్యం వచ్చింది. దాని నాయకుడు మీర్ జుమ్లా, ఇరాన్ నుంచి వచ్చి వజ్రాల వ్యాపారంలో పైకొచ్చి వజీరైన మనిషి. పెమ్మసాని నాయకుల్లో చివరివాడైన చినతిమ్మనాయుడిని సొంత మంత్రి పొదిలి లింగన్నే విషం పెట్టించి మోసం చేశాడని ఊళ్లో కథ. మా పిల్లవాడు, అంటే దారి చూపించినవాడు, ఆ కథ చెప్పేటప్పుడు లింగన్న పేరు వచ్చినప్పుడల్లా నేల మీద ఉమ్మాడు. మూడున్నర శతాబ్దాల కోపం అది!

1652లో తావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి మీర్ జుమ్లాకు ముత్యాలు, నగలు చూపించడానికి మద్రాసు వైపు నుంచి గండికోటకు వచ్చాడు. తాను చూసింది రాసిపెట్టాడు. మనవాళ్లు వదిలేసిన ఊరిని కళ్ల ముందు నిలబెట్టేది ఇప్పుడు ఆ పరాయి వ్యాపారి రాతే. కొండ చెక్కి చేసిన ఇరుకు దారి ఒక్కటే ఊళ్లోకి మార్గం, కొన్ని చోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పే, ఒక పక్క కొండ, ఇంకో పక్క గుండెలదిరే అగాధం, అడుగున నది. పైకెక్కితే చిన్న మైదానం, దాంట్లో ఊటనీళ్లతో పండే వరి, చిరుధాన్యాలు. ఇది చదివినప్పుడు నాకు ధాన్యాగారం అర్థమైంది. అంతకుముందు అంత పెద్ద గది ఎందుకా అనుకునేవాణ్ణి. పైన కమాను కప్పు, లోపల చీకటి, ఎండాకాలంలో కూడా చల్లగా, గబ్బిలాల వాసన. ముట్టడి పడితే తలుపు మూసుకుని నెలల తరబడి తినాలి కదా. పొలాలు లోపలే, నీళ్లు లోపలే, గింజలు లోపలే. ఇంత ఏర్పాటు చేసుకున్నవాళ్ల ఊరిని కూడా మనం ఫొటో వెనక పరదాగా వాడుకుంటున్నాం.

తావెర్నియే చెప్పిన ఇంకో సంగతి మా మామకు మహా ఇష్టం. మీర్ జుమ్లా దగ్గర మాయే అనే ఫ్రెంచివాడు ఫిరంగులు పోతపొయ్యడానికి కుదిరాడు. మొత్తం ఇరవై పొయ్యాలి. రాగి కోసం గుళ్లల్లోని విగ్రహాలు పోగేశారు. గండికోట గుడిలోవి ఆరు రాగి విగ్రహాలు మాత్రం ఏం చేసినా కరగలేదట, పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లాకు అనుమానం వచ్చి వాళ్లను బెదిరించాడట. చివరికి ఆ ఫ్రెంచివాడు ఒక్క ఫిరంగి కూడా పూర్తి చెయ్యలేకపోయాడు. మామ ఈ కథ మాధవరాయస్వామి గుడి ముందు నిలబడి చెప్పాడు, చెబుతూ చెబుతూ ఎత్తయిన గోపురం కేసి చూసి గొంతు తగ్గించాడు. గుడి ఎంత బాగుంటుందో, నాలుగంతస్తుల గోపురం, స్తంభాల మీద చెక్కడాలు, లోపలికి పోతే గర్భగుడి ఖాళీ. దీపం లేదు, దేవుడు లేడు. కరగని ఆ ఆరు విగ్రహాలు ఈ గుడివేనా అని అమ్మాయి అడిగింది. తావెర్నియే గుడి పేరు చెప్పలేదమ్మా అని మామ నిజాయితీగానే చెప్పాడు. రంగనాథస్వామి గుడి కూడా ఉంది కదా.

జామా మసీదు గురించి కూడా ఒక మాట. కొంతమంది గుడి చూసి మసీదు వదిలేసి పోతారు, ఇంకొంతమంది దాని ముందు నిలబడి ఏదేదో మాట్లాడతారు. ఆ మసీదు ఆవరణ చుట్టూ వరుసగా కమాను గదులు, నడుమ విశాలమైన ఖాళీ, రెండు మినార్లు. సాయంత్రం ఎండ ఆ కమానుల్లోంచి నేల మీద పడినప్పుడు కూర్చుని చూడండి, మాట్లాడబుద్ధి కాదు. నాయకుల తర్వాత గోల్కొండ వాళ్లు, వాళ్ల తర్వాత కడప నవాబులు, హైదరు, టిప్పు, ఇంతమంది ఏలిన ఊరు. వాళ్లందరి కిందా అదే కుమ్మరి కుండలు చేశాడు, అదే చాకలి రాయలచెరువులో బట్టలు ఉతికాడు. పక్కనే ఉన్న కత్తుల కోనేరులో నెత్తురు కత్తులు కడిగేవారని, అందుకే నీళ్లు ఎర్రగా ఉండేవని చెబుతారు. నాకు మాత్రం ఆ చుట్టూ ఉన్న ఎర్రరాయి, ఎర్రమట్టి చూస్తే వాన పడినా చాలు ఏ కోనేరైనా ఎర్రబడుతుంది అనిపించింది. ఈ మాట పైకి అన్నందుకు మా దారి చూపిన పిల్లవాడు చాలాసేపు నాతో మాట్లాడలేదు.

మరి ఇంత ఊరు ఎందుకు ఖాళీ అయింది? హంపి లాగా ఒక్క దెబ్బతో కాదు. ఇది నాకు తోచిన లెక్క. కోట కట్టింది భయం కోసం. రాజ్యాల సరిహద్దు ఇక్కడ ఉన్నన్నాళ్లు ఆ భయం ఉంది, సైన్యం ఉంది, సైన్యానికి బట్ట అమ్మేవాడు, గింజలు అమ్మేవాడు, గుర్రానికి నాడా కొట్టేవాడు ఉన్నాడు. తర్వాత అధికారం కడపకు పోయింది. 1800లో నిజాం ఈ సీమ మొత్తాన్ని ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు, అప్పటి నుంచి మనది దత్త మండలం అయింది. ఇంక కలెక్టరు కచేరీ ఎక్కడుంటే ఊరు అక్కడ పెరుగుతుంది గానీ, ఎక్కడానికి ఆయాసమొచ్చే కొండ మీద ఎవరుంటారు. జీతం ఆగిన ఇంటివాడు ముందు పోయాడు, వాడికి అప్పిచ్చినవాడు వెనకాల పోయాడు. ఇళ్ల దూలాలు, తలుపులు పీక్కుపోయి ఉంటారు, అందుకే గడప బండలు మిగిలాయి, చెక్క ముక్క మిగల్లేదు. పోకుండా ఉండిపోయిన కొద్దిమంది పిల్లల పిల్లలే బహుశా మాకు మజ్జిగ పోసిన అవ్వ లాంటివాళ్లు.

ఇక నా ఫిర్యాదుకు వస్తాను. ధాన్యాగారం గోడ మీద బొగ్గుతో ప్రేమికుల పేర్లు, మంటపం స్తంభం మీద మేకుతో గీకిన ఒక హీరో పేరు, ఆ పక్కనే ఇంకో హీరో పేరు కొట్టేసి. ఇళ్ల పునాదుల మధ్య బీరు సీసా పెంకులు, మా అబ్బాయి చెప్పు దాటి కాలికి గుచ్చుకుంది, మధ్యాహ్నమంతా వాడు కుంటుతూ నడిచాడు. ఇదంతా సర్కారు తప్పని నేననను, సీసా పగలగొట్టింది సర్కారు కాదు. కానీ ఒక సంగతి గమనించాను. అందరికీ కనబడేలా బోర్డు ఉన్న కట్టడాల మీద గీతలు ఉన్నాయి, తిడతాం, సరే. పునాదుల మీద మాత్రం గీతలు కూడా లేవు, నేరుగా తొక్కేశారు. అక్కడ ఒక ఊరుందని తెలిస్తే కదా ఎవడైనా కాలు తీసి పక్కన పెట్టేది. ఒక చోటైతే ఎవరో గుడారం మేకులు దిగడం లేదని పునాది రాళ్లు పీకి గుడారం చుట్టూ బరువు పెట్టుకున్నారు. పొద్దున లేచి ఆ రాళ్లను అలాగే గుండ్రంగా వదిలేసి పోయారు. ఇంకో యాభై ఏళ్లకు ఎవరో వచ్చి ఇదేదో ఆదిమానవుల సమాధి అనుకున్నా ఆశ్చర్యం లేదు.

గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మంచిదే, రోడ్డు కావాలి, మరుగుదొడ్లు కావాలి, మా ఆవిడను అడిగితే మరుగుదొడ్లే ముందు అంటుంది. లోయ మీద అదీ ఇదీ కడతామనే మాటలు కూడా ఏళ్ల తరబడి వింటున్నాం, కట్టుకోండి. నేను అడిగేది అంతకన్నా చాలా చవక పని. ఈ పాత వీధుల్లో కంప కొట్టి, పునాదులు కనబడేలా ఒక కాలిబాట వెయ్యండి. ఇది బజారు, ఇది ఇల్లు, ఇది తలుపు గుంత, ఇది గింజలు దంచిన రోలు అని తెలుగులో చిన్న పలకలు పెట్టండి. వాకిలి దగ్గరే ఊరంతా గీసిన పటం ఒకటి, లోపలికి పోయేవాడికి మొదట అదే కనబడాలి, లోయ ఆ పటంలో ఒక అంచున ఉండాలి. తావెర్నియే ఎక్కిన దారి ఎటో, పొలాలు ఎటో రాయండి. తెలిసిన చరిత్రను తెలిసిందని, కథను కథ అని రాయండి, పిల్లలు రెండూ ఇష్టపడతారు, కలిపేస్తేనే చిక్కు. ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లకు రెండు నెలలు శిక్షణ ఇచ్చి గైడు పని ఇవ్వండి. మాకు దారి చూపించిన పిల్లవాడికి నేను వంద రూపాయలు ఇవ్వబోతే, “దారి చూపిస్తే దుడ్లెందుకు” అని తీసుకోలేదు, అవ్వ దగ్గర ఇంకో నాలుగు గ్లాసుల మజ్జిగ తాగి లెక్క సరి చేసుకున్నాం. అన్నిటికన్నా ముఖ్యం, పార్కింగ్ కోసమో స్టాళ్ల కోసమో స్థలం చదును చేసే ముందు ఆ కంపలోకి ఎవరినైనా పురావస్తు తెలిసినవాళ్లను ఒక్కసారి నడిపించండి. జేసీబీకి గడప బండకూ మామూలు బండకూ తేడా తెలియదు.

మీకు కూడా ఒక విన్నపం. ఈసారి మీ విలేకరి పోతే లోయకు వీపు పెట్టి నిలబడి ఒక ఫొటో తియ్యమనండి. ఎదురుగా మాధవరాయ గోపురం, ఒక పక్క మసీదు మినార్లు, వాటి మధ్య దూరంగా ధాన్యాగారం గోడ, ముందర కంపల్లో ఆ ఇళ్ల రాళ్లు, ఫోన్ కెమెరా చాలు. కిందటి నెల మా ఆఫీసులో ఈ కోణంలో తీసిన ఫొటో చూపిస్తే ఒక్కరు కూడా గండికోట అని పోల్చుకోలేదు. గండికోటకు పోయొచ్చినవాళ్లతో సహా.

చెబుతానన్న ఆటో అబ్బాయి సంగతి. తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మాయి ఆ తలుపు గుంత గురించే ఆపకుండా మాట్లాడుతోంది. అతను అద్దంలోంచి వింటున్నాడు. కొంచెం దూరం పోయాక, “మాది గూడా అట్లా ఊరే పాపా” అన్నాడు. కొండాపురం వైపు గండికోట రిజర్వాయరు కింద మునిగిన ఊళ్లలో ఒకటి. 26.85 టీఎంసీల జలాశయం, 2020లో నీళ్లు నిండుగా పెట్టినప్పుడు తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయిన సంగతి మీ పేపర్లోనే రోజూ వచ్చింది. సీమకు నీళ్లు కావాలి, నేను కాదనను, అతను కూడా కాదనలేదు. పరిహారం ఎంత వచ్చింది, కొత్త కాలనీలో ఇల్లు ఎట్లా ఉంది అని మామ అడుగుతుంటే వాటికి ముక్తసరిగా జవాబు చెప్పి, “పోయేటప్పుడు మా నాయన తలుపులు, కిటికీలు, దూలాలు అన్నీ పీకి ట్రాక్టరుకు ఏసినాడు సార్. గడప ఒగటి రాలేదు, రాతిది, లోతుగా పూడ్చిండ్రి” అన్నాడు. తర్వాత ఎవరం మాట్లాడలేదు. జమ్మలమడుగులో దిగాక ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు, ఇంటి వాకిలి, పసుపు రాసిన గడప, తలుపు లేదు, లోపలి నుంచి వెలుతురు. ఆ ఫొటో నాకు పంపమని అడిగితే పంపాడు. పేపరుకు ఇవ్వొచ్చా అంటే, పేరు వెయ్యకుండా ఇవ్వండి సార్ అన్నాడు. ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. గండికోట మీద మళ్లీ పేజీ వేసినప్పుడు దాని కోసం కొంచెం చోటు ఉంచండి.

ఇట్లు
మీ పాత చందాదారుడు, ప్రొద్దుటూరు
(ప్రస్తుతం హైదరాబాదు)